అమ్మోనియా వాసన, హోల్డు మబ్బులు

అట్టగొట్టం మూత తీసి పాత డ్రాయింగు చుట్టను బయటికి లాగితే కాగితం కంటే ముందు వాసన వచ్చింది. ముక్కులో చురుక్కుమనే అమ్మోనియా. ఇన్నేళ్లయినా పూర్తిగా పోలేదు. చుట్ట విప్పి నాలుగు మూలలా బరువులు పెట్టి చూస్తే అదొక ప్లాట్ ప్లాన్, కర్మాగారంలో ఏది ఎక్కడో చూపే పటం, రివిజన్ సి. నీలం గీతలు ఊదారంగుకు తిరిగాయి, అంచులు గోధుమరంగుకు వచ్చాయి. మధ్యమధ్యలో మబ్బుల్లా వంపులు తిరిగిన గీతలు, ఒక్కో మబ్బు పక్కన ఒక్కో నంబరు. హోల్డులు, ఇంకా తేలని కొలతల గుర్తులు.

ఆ వాసనతో డిజైన్ ఆఫీసు మొత్తం కళ్లముందుకు వచ్చేసింది. ప్రింటింగ్ గది తలుపు ఎప్పుడూ మూసే ఉండేది, అయినా వరండా పొడుగునా అమ్మోనియానే. ట్రేసింగును మందు పూసిన కాగితం మీద పరిచి రెండిటినీ కలిపి రోలర్లలోకి పంపేవాళ్లు. లోపల అతినీలలోహిత దీపం. గీత లేని చోట వెలుగు తగిలి మందు చచ్చిపోయేది, గీత నీడలో ఉన్నంత మేరా బతికేది. ఆ తర్వాత అమ్మోనియా ఆవిరి తగిలితే బతికిన మందు నీలంగా పైకి తేలేది. ప్రింటు గోరువెచ్చగా చేతికొచ్చేది. పెద్ద సైజు కాగితం 841 × 1189 మిల్లీమీటర్లు. దాన్ని బయటికి బొమ్మ, కిందికి పేరూ నంబరూ ఉండే టైటిల్ బ్లాకు కనబడేలా మడవడం ఒక విద్య, ఆఫీసులో చేరినవాళ్లకి మొదట నేర్పేది అదే.

కట్టబోయే కర్మాగారం అప్పటికి బీడు భూమి. ఏం కట్టాలి, ఎంత పెద్దది, ఏది ఎక్కడ, ఎంత ఖర్చు, ఎన్నాళ్లు అన్నవి ఒక్క తట్ట కాంక్రీటు పడకముందే కాగితం మీద తేల్చాలి. ఆ దశను అప్పట్లో బేసిక్ ఇంజనీరింగ్ అనేవాళ్లం, ఇప్పుడు ఫీడ్ (ఫ్రంట్ ఎండ్ ఇంజనీరింగ్ డిజైన్) అంటున్నారు. పేరు మారినా పని మారలేదు.

బ్లేడు, పెన్ను, గోరు

ఉదయం ఆఫీసులో మొదట వినపడే చప్పుడు రోట్రింగ్ పెన్నులది. రాత్రంతా మూలన పడున్న పెన్నును చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపలి సూది టిక్‌టిక్‌మనాలి. అనకపోతే సిరా గడ్డకట్టినట్టే, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాల్సిందే. 0.25, 0.35, 0.5, 0.7 మిల్లీమీటర్ల పెన్నులు వరసగా ఉండేవి. ఒక్కోటీ ముందుదానికి దాదాపు 1.4 రెట్లు. కాగితం సైజు ఒక మెట్టు తగ్గించి ఫోటో తీస్తే 0.7 గీత 0.5 గీత అయి కూర్చోవాలని ఆ లెక్క.

తప్పు దిద్దడం ఇంకో విద్య. సగం విరిచిన బ్లేడును దాదాపు పడుకోబెట్టి ట్రేసింగు మీద సిరాను మాత్రమే గీకాలి. బలం ఎక్కువైతే చిల్లి. గీకిన చోట కాగితం గరుకుతేలుతుంది, అక్కడ మళ్లీ సిరా వేస్తే బొచ్చులా పాకుతుంది. అందుకే ముందు రబ్బరుతో, ఆపైన గోటి వెనక భాగంతో నున్నగా రుద్దేవాళ్లు. పాలియెస్టర్ ఫిల్మ్ వచ్చాక బ్లేడు అవసరం తగ్గింది, తడిపిన ప్లాస్టిక్ రబ్బరుతోనే సిరా పోయేది.

కాలమ్‌ను, అంటే ద్రవాలను మరిగించి విడదీసే పొడుగు స్తంభాన్ని, 2 మీటర్లు పక్కకి జరపాలంటే ఆ దశలో ఖర్చు ఒక మధ్యాహ్నం, అరబ్లేడు. పునాది పోశాక అదే జరపాలంటే కాంక్రీటు పగలగొట్టాలి. అందుకే ట్రేసింగు మీద ఎన్నిసార్లు గీకినా పెద్దవాళ్లు కోప్పడేవాళ్లు కారు. గీకకుండా వదిలేస్తేనే కోపం.

మబ్బు గీసి నంబరు వేయడం

తెలియనిదాన్ని తెలిసినట్టు గీయకూడదు. ఆఫీసులో అన్నిటికంటే గట్టి కట్టుబాటు ఇదే. కంప్రెసర్ తయారుచేసి అమ్మే వెండరు నుంచి కొలతలు రాలేదు, అయినా పునాదికి చోటు చూపించాలి. అప్పుడు పాత అనుభవంతో ఒక కొలత వేసి చుట్టూ మబ్బు గీసి లోపల హోల్డు 3 అని రాసేవాళ్లు. కుడి అంచున హోల్డుల పట్టికలో 3 ఎదురుగా ఏం రావాలి, ఎవరి నుంచి రావాలి, ఎప్పటికి రావాలి అని మూడు ముక్కలు. ఈ మూడో ముక్క లేని హోల్డు ఎన్నాళ్లకీ తేలదు. తేదీ ఉంటే ప్రతి వారం సమీక్షలో ఎవరో ఒకరు అడుగుతారు.

మార్పు జరిగిన చోటును చూపించే రివిజన్ మబ్బు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే దాని పక్కన త్రికోణంలో రివిజన్ అక్షరం ఉంటుంది. కొత్త రివిజన్ వచ్చినప్పుడు పాత రివిజన్ మబ్బు చెరిగిపోవాలి, హోల్డు మబ్బు మాత్రం ఉండాలి. కనుక రివిజన్ మబ్బును ట్రేసింగు వెనక వైపు పెన్సిలుతో, హోల్డును ముందు వైపు సిరాతో గీయడం అలవాటు చేశారు. ఎవరైనా తొందరలో రెండూ వెనక వైపే పెన్సిలుతో గీస్తే, తర్వాత దిద్దేవాడు ట్రేసింగు తిరగేసి రబ్బరుతో ఒక్క తుడుపు తుడిచేవాడు. రెండూ పోయేవి. అంచనాగా వేసిన మోటారు బరువు, చుట్టూ ఏ మబ్బూ లేకుండా, ఖాయమైన బరువులా సివిల్ వాళ్ల చేతికి వెళ్లేది. వాళ్లు దాన్నే పట్టుకుని పునాది లెక్క కట్టేవాళ్లు. ఆరు నెలల తర్వాత వెండరు అసలు డ్రాయింగు వచ్చేదాకా ఎవరికీ అనుమానం రాదు. అంకె తప్పని కాదు, అది అంచనా అన్న గుర్తు పోయింది. ఈ రంగంలో పెద్ద పెద్ద నష్టాలకి తీగ లాగుతూ పోతే చాలాసార్లు ఇలాంటి చిన్న చెరుపు దగ్గరే డొంక కదిలేది.

అట్టముక్కల ప్లాట్ ప్లాన్

సైటు పటాన్ని 1:500 స్కేలులో బల్ల మీద పరిచి, ట్యాంకులు, హీటర్లు, కూలింగ్ టవర్, కంట్రోల్ రూమ్, సబ్‌స్టేషన్ అన్నిటికీ అదే స్కేలులో అట్టముక్కలు కత్తిరించేవాళ్లు. చుట్టూ ప్రాసెస్, పైపింగ్, సివిల్, ఎలక్ట్రికల్ వాళ్లు నిలబడి ముక్కలు జరుపుతూ వాదించుకునేవాళ్లు. సాయంత్రానికి ఒకచోట కుదిరితే పిన్నులు గుచ్చి, పైన ట్రేసింగు పరిచి గీయడమే.

ముక్కలు ఊరికే జరగవు. మండే ఆవిరి ఎక్కడైనా లీకైతే గాలి దాన్ని మంట ఉన్న హీటర్ వైపు తీసుకెళ్లకూడదు, కాబట్టి ఎక్కువ రోజులు గాలి ఏ వైపు నుంచి వస్తుందో హీటర్లు ఆ వైపునే ఉండాలి. కూలింగ్ టవర్ తుంపర స్విచ్‌యార్డు ఇన్సులేటర్ల మీద పడితే ఉప్పు పేరుకుని వాటి మీదుగా కరెంటు దూకుతుంది, దాన్నే ఫ్లాష్‌ఓవర్ అంటారు, కాబట్టి టవర్ గాలి పోయే వైపు ఉండాలి. మిగులు గ్యాసును మండించే ఫ్లేర్ చుట్టూ వేడి లెక్క వేరు. చదరపు మీటరుకి 1.58 కిలోవాట్ల దగ్గర మనిషి నిలబడి పని చేయగలడు. 4.73 దగ్గర సరైన దుస్తులు వేసుకున్నా రెండు మూడు నిమిషాలే. ఆ రెండు వలయాలూ కంపాసుతో గీశాక, లోపల పడ్డ అట్టముక్కల్ని ఒక్కోటిగా బయటికి నెట్టేవాళ్లు.

గాలి లెక్కకి ఆధారం వాతావరణ కేంద్రం ఇచ్చే విండ్ రోజ్, ఏ దిక్కు గాలి ఎంత తరచుగా వీస్తుందో చూపే పూరేకుల బొమ్మ. దాన్ని చదవడంలో రెండు పొరపాట్లు పదేపదే జరిగేవి. పొడుగాటి రేకు ఏ దిక్కున ఉందో గాలి ఆ దిక్కు నుంచి వస్తుందని అర్థం. కొత్తవాళ్లు ఆ దిక్కుకి పోతుందనుకుని అంతా తలకిందులు చేసేవాళ్లు. రెండోది ఉత్తరం. స్థలం వంకరగా ఉంటే గీతలన్నీ కాగితానికి సమాంతరంగా రావడానికి ప్లాంట్ నార్త్ అని ఒక సొంత ఉత్తరాన్ని పెట్టుకుంటారు. అసలు ఉత్తరానికి అది 30, 40 డిగ్రీలు తిరిగి ఉండవచ్చు. విండ్ రోజ్ మాత్రం అసలు ఉత్తరానికే. దాన్ని తిప్పకుండా తెచ్చి మూలన అతికిస్తే గాలి మొత్తం 30 డిగ్రీలు పక్కకి వీస్తుంది. అందుకే ప్లాట్ ప్లాన్ మీద రెండు బాణాలు, మధ్య కోణం అంకెలో రాసి తీరాలి.

కంట్రోల్ రూమ్ ముక్క దగ్గర మాత్రం వాదన తొందరగా తెగేది కాదు. 1974 జూన్ 1న ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో జరిగిన పేలుడు గుర్తు అందరికీ ఉండేది. ఆరు రియాక్టర్ల వరసలో ఐదోదాన్ని తీసేసి నాలుగు, ఆరింటి మధ్య 20 అంగుళాల పైపుతో తాత్కాలిక బైపాస్ వేశారు. రియాక్టర్ మూతులు 28 అంగుళాలవి. రెండు చివరలా బెలోస్ అనే ముడతల గొట్టాలు, మధ్యలో వంకర పైపు. లోపలి ఒత్తిడికి ఆ వంకర పైపు మెలితిరగబోతుందని లెక్క కట్టినవాళ్లు లేరు. దాని డ్రాయింగు వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మే. 28 మంది చనిపోయారు, వాళ్లలో 18 మంది కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లు. ఆ తర్వాత అట్టముక్కను ఆపరేటరుకి నడక తగ్గుతుందని ప్లాంటు మధ్యకి నెట్టేవాళ్లు లేకపోయారు. దూరం జరిపేవాళ్లు, జరపలేకపోతే పేలుడు తట్టుకునే గోడలు పెట్టేవాళ్లు.

పంపు అడిగే ఎత్తు

కాలమ్‌ను ఎందుకంత ఎత్తున నిలబెడతారని చాలామంది అడిగేవారు. కింద పంపు కోసం. కాలమ్ అడుగున ద్రవం మరిగే స్థితిలోనే ఉంటుంది. లోపలి ఒత్తిడి, దాని ఆవిరి ఒత్తిడి ఒకదానికొకటి చెల్లిపోతాయి. పంపు నోట్లో ఆవిరి బుడగలు పుట్టకుండా ఆపడానికి మిగిలేది ఎత్తు ఒక్కటే. పంపుకి 3 మీటర్ల ఎన్‌పీఎస్‌హెచ్, అంటే బుడగలు రాకుండా నోటి దగ్గర ఉండాల్సిన ద్రవం ఎత్తు, కావాలి, 1 మీటరు జాగ్రత్తకి, పైపులో రాపిడికి 0.7. మొత్తం 4.7. పంపు మధ్యరేఖ నేలకి 0.8 మీటర్ల ఎత్తున ఉంటే ద్రవం కనిష్ఠ మట్టం 5.5 మీటర్ల పైన ఉండాలి. ఈ చిన్న కూడికే కాలమ్‌ను కింద మోసే స్కర్టు ఎత్తును తేలుస్తుంది. దాన్నిబట్టి గాలికి పునాది మీద పడే వంపు, ప్లాట్‌ఫారాలు, రీబాయిలర్ ఎత్తు, క్రేను సైజు.

ఆ 3 మీటర్లన్నది ఇంకా పంపు కొనకముందు పాత కేటలాగు చూసి వేసిన అంకె. కనుక దాని చుట్టూ హోల్డు. రేపు వెండరు 4 అన్నాడనుకోండి, ట్రేసింగు మీద గీకి స్కర్టు మీటరు పెంచడం తేలిక. కాలమ్ నిలబెట్టాక 4 అంటే రెండే దార్లు. పంపును గోతిలో దించాలి, ఆ గోతిలో గాలికంటే బరువైన ఆవిరి చేరి ప్రమాదం. లేదా పొడుగు డబ్బాలో నిలువుగా దిగే పంపు కొనాలి, అది ఖరీదు, మళ్లీ నెలలు.

మార్జిన్ల గొడవ కూడా ఇక్కడే. ప్రాసెస్ ఇంజనీరు ప్రవాహానికి 10 శాతం కలుపుతాడు. పంపు చూసేవాడికి ఆ సంగతి తెలియక ఇంకో 10. ఆపైన వెండరు 15. గుణిస్తే 1.39 రెట్లు. ఎవరూ తప్పు చేయలేదు, కాని పంపు జీవితమంతా కంట్రోల్ వాల్వు సగం మూసుకుని నడుస్తుంది. యంత్రం వివరాలు రాసే డేటా షీటులో మామూలు ప్రవాహం, డిజైన్ ప్రవాహం రెండు వేరు గళ్లలో రాయాలని, మార్జిన్ ఎవరు కలిపారో పక్కనే రాయాలని పట్టుబట్టింది ఇందుకే.

మట్టి లోపలి చప్పుడు

సైటు నుంచి వచ్చే మొదటి చప్పుడు బోరు దగ్గరిది. 63.5 కిలోల సుత్తి, 760 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి పడటం. ఠంగ్. మళ్లీ ఎత్తడం, మళ్లీ ఠంగ్. గొట్టం 150 మిల్లీమీటర్ల చొప్పున మూడుసార్లు దిగడానికి ఎన్ని దెబ్బలో లెక్కపెట్టేవాళ్లు. బోరు అడుగున పైపొర మట్టి తవ్వేటప్పుడు కదిలిపోయి ఉంటుంది కనుక మొదటి 150 వదిలేసి మిగిలిన రెండూ కలిపితే మట్టి గట్టితనం చెప్పే ఎన్ విలువ. నాలుగైదు దెబ్బలకే దిగిపోతే బురదలాంటి మట్టి. 50 కొట్టినా దిగకపోతే గట్టి పొర.

బోరు ఎక్కడ వేయాలన్నది చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుండేది. బరువైన యంత్రాల కింద మట్టి తెలియాలి. యంత్రాలు ఎక్కడో ప్లాట్ ప్లాన్ తేలితే గాని తెలియదు. ప్లాట్ ప్లాన్ తేలాలంటే మట్టి తెలియాలి. కాబట్టి రెండు విడతలు. ముందు స్థలమంతా దూరదూరంగా గళ్లు వేసి బోర్లు, అట్టముక్కలు కుదిరాక ట్యాంకులు, కంప్రెసర్లు, పెద్ద కాలమ్‌ల కింద దగ్గర దగ్గరగా ఇంకొన్ని. రెండో విడతను ఖర్చని ఎగరగొట్టిన చోట్ల పూడిపోయిన వాగో, పాత చెరువో ట్యాంకు సగం కింద బయటపడేది. ట్యాంకు మొత్తం సమంగా కుంగితే సర్దుకోవచ్చు, ఒక పక్క కుంగితే అడుగు ప్లేట్లు చీలతాయి.

మట్టాల దగ్గర కూడా మాట ముందే అనుకోవాలి. ఎలివేషన్ 100.000 అంటే ఏమిటి? సివిల్ వాళ్లకి చదును చేసిన నేల, పైపింగ్ వాళ్లకి పేవింగు మీద అన్నిటికంటే ఎత్తైన బిందువు. మధ్యలో 150 మిల్లీమీటర్ల తేడా. మొదటి వారంలో డిజైన్ బేసిస్ అనే మూల పత్రంలో ఒక వాక్యం రాసుకోకపోతే ఏడాది తర్వాత పంపు నాజిల్‌కి పైపు అందదు.

రంగు పెన్సిళ్లు

స్క్వాడ్ చెక్ అని ఒక పద్ధతి ఉండేది. ఒకే ఒక్క ప్రింటు, దానికి పిన్ను కొట్టిన చీటీ, చీటీ మీద విభాగాల పేర్లు. బల్ల నుంచి బల్లకి తిరిగేది. ఒక్కో విభాగానిది ఒక్కో రంగు. సరిచూసిన ప్రతి గీత మీదా పసుపు పూసేవాళ్లు, మార్చాల్సింది ఎరుపు. పసుపు పడని గీత అంటే ఎవరూ చూడని గీత. ఒకరు రాసింది ఇంకొకరికి కనపడేది, దాని కింద జవాబు రాసేవారు. ఎలక్ట్రికల్ వాళ్ల కేబుల్ ట్రెంచి, మురుగు పైపు ఒకేచోట ఒకే లోతున దాటుకోబోతున్నాయని తెలిసేది ఈ కాగితం మీదే. మురుగు వాలు మీద పారాలి కాబట్టి దానిదే ముందు హక్కు, మిగతావి తప్పుకోవాలి. ఇప్పుడు ఫైలు ఒకేసారి అందరికీ వెళ్తుంది, వ్యాఖ్యలు విడివిడిగా వస్తాయి. వేగం పెరిగింది నిజమే. కాని పక్కవాడి ఎరుపు చదివి ఆగి ఆలోచించే ఆ నిమిషం పోయిందనిపిస్తుంది.

ఖర్చు అంచనా గదిలో మాత్రం నిశ్శబ్దం. మొదట్లో చేతిలో ఉండేది సామర్థ్యం ఒక్కటే, కాబట్టి పాత ప్లాంటు ఖర్చును సామర్థ్యాల నిష్పత్తికి 0.6 ఘాతంతో గుణించేవాళ్లు. రెట్టింపు ప్లాంటుకి రెట్టింపు కాదు, సుమారు 1.52 రెట్లు. యంత్రాల జాబితా వచ్చాక 1947లో లాంగ్ అనే ఇంజనీరు ఇచ్చిన గుణకాలు: ఘనపదార్థాల ప్లాంటుకి యంత్రాల ధర మీద 3.10, ఘన-ద్రవ మిశ్రమానికి 3.63, ద్రవాలకి 4.74. ద్రవాలకే ఎక్కువ ఎందుకంటే పైపులు. అంకె పక్కన పరిధి రాయకుండా పైకి పంపడం అక్కడ పెద్ద తప్పు. ఖర్చు ఇంజనీర్ల సంస్థ ఏఏసీఈ ఇప్పుడు వాడే వర్గాల్లోనూ అంతే. అన్నిటికంటే మోటైన ఐదో తరగతి అంచనా 100 శాతం పైకి కూడా పోవచ్చు, డబ్బు మంజూరుకి పట్టుకెళ్లే మూడో తరగతి 10 నుంచి 30 శాతం. మెదడులో మాత్రం మొదట విన్న అంకే నాటుకుంటుంది.

గోడ మీద బాణాలు

ప్లానింగ్ గదిలో గోడ పొడుగునా నెట్‌వర్కు చుట్ట అంటించి ఉండేది. సున్నాలు, బాణాలు, ఎర్ర పెన్సిలుతో క్రిటికల్ పాత్, అంటే ఆలస్యమైతే మొత్తం ప్రాజెక్టే ఆలస్యమయ్యే పనుల వరస. 1950ల చివర్లో వచ్చిన ఈ పద్ధతిని కంప్యూటరు లేకుండా చేత్తోనే లెక్కపెట్టేవాళ్లు. ఎడమ నుంచి కుడికి కూడుకుంటూ, మళ్లీ కుడి నుంచి ఎడమకి తీసేస్తూ.

ఎర్ర గీత దాదాపు ఎప్పుడూ ఒకే దారిన పోయేది. పునాది డ్రాయింగుకి వెండరు ధ్రువీకరించిన డ్రాయింగు కావాలి. దానికి ఆర్డరు కావాలి. ఆర్డరుకి డేటా షీటు, డేటా షీటుకి వేడి, పదార్థాల లెక్క. కంప్రెసర్లు, మందపాటి గోడల రియాక్టర్లు రావడానికి ఏడాది, ఏడాదిన్నర పైనే పడుతుంది, కాబట్టి వాటి డేటా షీట్లు అన్నిటికంటే ముందు కదలాలి. వెండరు డ్రాయింగు ఆలస్యమైతే యాంకర్ బోల్టుల చుట్టూ గొట్టాలు పెట్టి కొంచెం కదిలే వీలు ఉంచి పునాది పోసేవాళ్లు. అది కొద్ది మిల్లీమీటర్ల తేడాను కాస్తుంది, బోల్టుల సంఖ్యే మారితే కాయదు. ఇంకొకటి, ఆ బరువైన కాలమ్ ఏ దారిన లోపలికి వస్తుంది, ఎక్కడ పడుకోబెట్టాలి, క్రేను ఎక్కడ నిలబడుతుంది? ఆ ఖాళీని ప్లాట్ ప్లాన్ మీద చుక్కల గీతతో కట్టిపెట్టేవాళ్లు. లేకపోతే ఎవరో ఒకరు అక్కడ పైపు రాక్ గీసేస్తారు.

అన్నీ కుదిరాక ప్లాస్టిక్ మోడల్. 1:33⅓ స్కేలు, అంటే 1 మీటరుకి 30 మిల్లీమీటర్లు. పైపులకి ముందు రంగు దారాలు కట్టి దారి చూసుకుని, ఆ తర్వాత ప్లాస్టిక్ గొట్టాలు అతికించేవాళ్లు. ఆపరేటర్లను పిలిచి చూపిస్తే వాళ్లు వంగి, వేలు లోపలికి పోనిచ్చి, ఈ వాల్వు తిప్పడానికి చేయి ఎక్కడినుంచి వస్తుందని అడిగేవారు. తెర మీద మోడల్‌ను తిప్పి చూసే ఈ రోజుల్లో కూడా డిజైన్ 30, 60, 90 శాతం అయినప్పటి సమీక్షలు అలాగే ఉన్నాయి, ఆ ప్రశ్న కూడా.

బల్ల మీద ప్రింటును కిటికీ వైపు తిప్పితే ఈశాన్యం మూల దగ్గర కూలింగ్ టవర్ సైజులోనే ఒక దీర్ఘచతురస్రం మసక నీలంగా కనిపిస్తోంది. బ్లేడుతో గీకి, గోటితో రుద్దినా ట్రేసింగు మీద మిగిలిన మచ్చ ప్రింటులోకి దిగింది. రివిజన్ బిలో టవర్ అక్కడ ఉండేది. విండ్ రోజ్‌ను ప్లాంట్ నార్త్‌కి కాకుండా అసలు ఉత్తరానికి తిప్పి చూశాక స్విచ్‌యార్డుకి అవతలి పక్కకి జరిపారు. కొత్త చోట టవర్ గీత సిరాతో, చుట్టూ మబ్బు, లోపల హోల్డు 4. అంచున పట్టికలో 4 ఎదురుగా సన్నని అక్షరాలు ఇంకా చదవడానికి వీలుగానే ఉన్నాయి: ఆ మూల మట్టి, రెండో విడత బోర్ల తర్వాత.